నూట ఎనిమిది చోట్ల అరవై నాలుగు

టైపింగ్ అక్కయ్యకు లెక్కలు రావు. పదో తరగతి తప్పింది లెక్కల్లోనే, అదీ హైస్కూలు లెక్కల మాస్టారి క్లాసులోనే. అలాంటి మనిషి ఇరవై రెండేళ్లుగా ప్రెస్సులో లెక్కల పుస్తకాలు కంపోజ్ చేసి బతుకుతోంది. వర్గమూలం గీత ఎంత పొడుగుండాలో, భిన్నం గీత ఎక్కడ ఆగాలో ఆమెకు తెలిసినంతగా రాసినవాళ్లకే తెలియదు. అర్థం అడిగితే మాత్రం, "సూటు కుట్టినవాణ్ణి పెళ్లికి వచ్చావా అని అడుగుతారా ఏంటండీ!" అని నవ్వేసేది.

ఆ నవ్వు మొన్న మంగళవారంతో సరి.

ఆ మాస్టారే జీవితమంతా కూడబెట్టుకుని రాసిన ఒకే ఒక్క పుస్తకం ఆమె చేతిలో పడింది. ఆయనకు మతిమరుపు జబ్బు మొదలైంది. డాక్టరు ఆ మాట చెప్పిన రోజు ఆయన భార్య ప్రెస్సుకొచ్చి అక్కయ్య చేతులు పట్టుకుంది.

"ఇది నా పుస్తకం అని ఆయనకి తెలుస్తుండగానే చేతిలో పెట్టమ్మా."

"అలాగే పిన్నిగారూ, నాది పూచీ," అంది అక్కయ్య.

చేతిరాతలో నంబర్లు లేవు. ఎక్కడ చూసినా 'ఇంతకుముందు చూపినట్లు' అనే ఉంది. ఏ సమీకరణం చూపినట్లో మాస్టారు పక్కన కూర్చుని చెబుతుంటే, రెండు నెలలపాటు ఆమె బ్రాకెట్లలో నంబర్లు కొట్టింది. సమీకరణానికో గుర్తు తగిలిస్తే నంబర్లు కంప్యూటరే వేస్తుంది, మధ్యలో కొత్తది దూరినా అన్నిటినీ అదే సర్దుతుంది. పక్క సీటు అమ్మాయి ఈ సంగతి చెప్పీ చెప్పీ నోరు నొప్పి పుట్టి ఊరుకుంది. "నా నంబర్లు నేను వేసుకోలేనా?" అని అక్కయ్య పట్టుదల. పట్టుదల కాదు, ఒట్టి మొండితనం.

మంగళవారం మాస్టారు ఒక కాగితం పంపారు. పదమూడో సమీకరణం తర్వాత ఇంకొకటి చేర్చాలట. అంటే పాత పద్నాలుగు పదిహేనవ్వాలి, పదిహేను పదహారవ్వాలి, అలా అరవై మూడు దాకా. అక్కయ్య కంప్యూటర్‌కు పని పురమాయించింది: పద్నాలుగు ఉన్నచోటల్లా పదిహేను వెయ్యి, తర్వాత పదిహేను ఉన్నచోటల్లా పదహారు వెయ్యి. చివరినుంచి వెనక్కి రావాల్సిన పని మొదటినుంచి మొదలెట్టింది. పద్నాలుగు పోయి పదిహేనులో కలిసింది, ఆ రెండూ పోయి పదహారులో కలిశాయి. ఒక్కసారైనా ఆగి పేజీ చూసిందా? లేదు. చకచకా యాభైసార్లు కొట్టి, సేవ్ చేసి, ఫైలు మూసేసి, టీకి లేచింది.

తిరిగొచ్చి తెరిచి చూస్తే, '(64)ను (64)లో ప్రతిక్షేపించగా (64) వస్తుంది' అని ఉంది. కిందికి జరుపుకుంటూ పోతే ప్రతి పేజీలోనూ అదే. సమీకరణాల పక్కన ఉండే నంబర్లు వరసే కనుక మళ్లీ వేసుకోవచ్చు. కానీ పాఠం మధ్యలో వాటిని పేర్కొన్న చోట్లు నూట ఎనిమిది చెడిపోయాయి. అక్కడ ఏ నంబరు ఉండేదో చెప్పేదెవరు? కొత్తదీ పాతదీ కలిసిపోకుండా, దిద్దుబాట్లు ఎక్కించగానే పాత ప్రూఫు చించేయడం ఆ ప్రెస్సులో అలవాటు. అన్నీ తన చేత్తోనే చించింది. పక్క సీటు అమ్మాయి పాత ఫైలు కోసం సాయంత్రం దాకా వెతికి, "ఎక్కడా లేదక్కయ్యా," అంది.

మర్నాడు కాగితాలు సంచిలో వేసుకుని మాస్టారింటికి వెళ్లింది. జరిగింది విని ఆయన భార్య మాస్టారి పక్కన ఆమెకు కుర్చీ వేసింది. నాలుగు తిట్టినా బాగుండేది.

"దానికంత ఏడుపెందుకు? చదువు, నేను చెప్తాను," అన్నారు మాస్టారు హుషారుగా.

మొదటి పదకొండూ గుక్కతిప్పుకోకుండా చెప్పేశారు. అక్కయ్యకు ప్రాణం లేచొచ్చింది. పన్నెండోదాని దగ్గర ఆగారు. కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. మళ్లీ చదవమన్నారు. మూడోసారి కూడా చదివించుకున్నారు.

"నువ్వు చెప్పమ్మా. టైపు చేసింది నువ్వేగా."

"ముప్ఫై ఒకటి... అనుకుంటా మాస్టారూ."

"ఎలా వచ్చింది?"

క్లాసులోనూ ఆయనది అదే ప్రశ్న. జవాబు సరిపోయినా, ఎలా వచ్చిందో చెప్పలేకపోతే సున్నా వేసేవారు. అక్కయ్య తల వంచుకుంది.

"ఊరికే అన్నాను మాస్టారూ. నాకు తెలీదు."

మాస్టారు కళ్లజోడు మడిచి పక్కన పెట్టారు. తర్వాత భార్య వైపు తిరిగి, మెల్లగా అన్నారు.

"అదే వేసెయ్యమను. ఎవరు చూస్తారు?"

అక్కయ్య పెన్సిలు కాగితానికి ఆనించింది కానీ చెయ్యి కదల్లేదు. దాంతో కలిపి ఇంకా తొంభై ఏడు ఉన్నాయి.