సరోజత్త పాట, మాస్టర్ కీబోర్డు

ఈ పోస్టు వల్ల కీబోర్డు మాస్టర్ గారి మనసు నొచ్చుకుంటే వారికీ, వారి ఏడు తరాలకూ ముందే సాష్టాంగపడి క్షమాపణలు. నొచ్చుకోవాలనే రాస్తున్నాను.

నిన్న కోదాడలో ఒక పెళ్లిలో పాత కీబోర్డు మోత వినగానే సరోజత్త గుర్తొచ్చింది. మా నాన్న చెల్లెలు. పదమూడేళ్లు ఆర్కెస్ట్రాకు ముందు నిలబడి పాడింది. గుర్తుందా దోస్తులారా, పందిట్లో ఆ రంగు లైట్లు, వేడెక్కిన వైర్ల వాసన, అత్త తళుకుల చీర?

బ్యానరు మీద మాత్రం మాస్టర్ ఫొటో ఒక్కటే.

"నా పేరు గూడ రాయించు మాస్టరూ," అని ఒకసారి అడిగింది అత్త.

"నీ పేరెందుకు సరోజా? కీబోర్డు లేకుంటే నీ పాట ఎవడింటడు?"

ఆ వారమే సూర్యాపేటలో, మా చుట్టాలందరి ముందు, పాట నడుమ ఆయన ఒక బటన్ నొక్కి శ్రుతి పైకెత్తేశాడు. అత్త గొంతు చీలిపోయింది. జనం ఎగతాళిగా ఈలలేశారు. ఇంటికొచ్చి "ఇగ పాడ. ఖతం," అంది. ఒప్పుకున్న మిర్యాలగూడ ప్రోగ్రామే ఆఖరిదట.

నాకప్పుడు తొమ్మిదేళ్లు. పగ మాత్రం పెద్దవాళ్ల సైజులో ఉంది.

మిర్యాలగూడలో సగం పాటకు కీబోర్డు మూగబోయింది. "కరెంటు పోయింది," అని మాస్టర్ మైకులో ప్రకటించాడు.

"లైట్లు ఎలుగుతనే ఉన్నయ్ గదనే!" అని జనం ఒకటే నవ్వు.

అత్త ఆగలేదు. జనం చప్పట్లతో తాళం వేస్తుంటే పాట పూర్తి చేసింది. ఆ తర్వాత ఇంకో ఎనిమిదేళ్లు పాడింది.

కీబోర్డులో చక్కెర నీళ్లు పోసింది నేనేనని, మాస్టర్ చెప్పులు కాలువలో వేసింది నేనేనని ఇప్పటికీ అంటారు. పచ్చి అబద్ధాలు.

స్టేజీ కింద దూరి ప్లగ్గు పీకింది మాత్రం నేనే.