నీళ్లెక్కిన గనిలో మా ఎకరన్నర

మిరపకాయల కల్లంలో తాలుకాయలు ఏరుతూ నేను రాగి గురించి నేర్చుకున్నాను. నవ్వొచ్చే మాటే గానీ నిజం. ఆ వేసవి మా కల్లంలో ఆరబోసిన కాయల పక్కనే, తాటాకు పందిరి నీడలో, మా ఆయన, ఆయన చిన్ననాటి స్నేహితుడు, మా ఊరి రిటైర్డు మాస్టారు ముగ్గురూ ఒకే ఫోను మీదికి వంగి కూర్చునేవాళ్లు. ఇటు మేము ఆడవాళ్లం ముక్కులకు కొంగులు బిగించి తెల్లబడ్డ కాయను తీసి పక్కన పడేసేవాళ్లం. అటు వాళ్లు జాంబియాలో ఉన్న ఒక రాగి గని మంచికాయో తాలుకాయో తేల్చలేక తలలు పట్టుకునేవాళ్లు.

ఆ గని కంపెనీలో మాకు షేర్లున్నాయి. మా పుట్టింట్లో ఈ మాట చెబితే ముందు నవ్వారు, తర్వాత నమ్మారు, ఆ తర్వాత నవ్వడం మానేశారు. గుంటూరు మిర్చియార్డు దాకా వెళ్లొస్తే అదే పెద్ద ప్రయాణం అనుకునే మనిషి మా ఆయన. అలాంటి మనిషికి ఆఫ్రికా దక్షిణ భాగంలో భూమి అడుగున వాటా ఉందంటే ఎవరు మాత్రం నమ్ముతారు?

దీనికంతటికీ మూలం ఆ స్నేహితుడే. పిడుగురాళ్ల సున్నపు బట్టీల దగ్గర ఫిట్టరుగా మొదలుపెట్టి, జాంబియా వెళ్లి, అక్కడి రాగి గనుల్లో నీళ్లు తోడే పంపులు చూసే పనిలో చాలా ఏళ్లు ఉండి తిరిగొచ్చాడు. నన్ను చెల్లెమ్మా అంటాడు, నేను అన్నయ్యా అంటాను. అక్కడి రాయి పగలగొడితే లోపల నెమలిపింఛం రంగు కనిపిస్తుందని చెప్పేవాడు. మోసగాడైతే నోరారా తిట్టుకుని ఊరుకునేదాన్ని. కానీ అతను తన ఆఫ్రికా సంపాదనంతా మాకంటే ముందే అందులో పోశాడు. నమ్మకంతో ముంచిన మనిషిని ఏమని తిడతాం?

మిర్చికి కనీవినీ ఎరగని ధర పలికిన ఏడాది అది. మొదటిసారి మా చేతుల్లో అప్పులు పోగా డబ్బు మిగిలింది. మిగిలిన డబ్బు ఇంట్లో ఉంటే మా ఆయనకు ఒళ్లంతా జెర్రులు పాకుతాయి. ప్రపంచమంతా కరెంటు కార్లు కొంటోందని, ప్రతి కారుకూ రాగి తీగ కావాలని అన్నయ్య చెప్పాడు. మాస్టారి మేనల్లుడెవరో బెంగళూరులో ఉండి, పరాయి దేశం షేర్లు కొనే యాప్ ముగ్గురి ఫోన్లలోనూ పెట్టించాడు. కొన్నారు. కొన్న కొత్తలో అది బాగా పెరిగింది కూడా.

"అమ్మేయండి, ఇంటికి పైకప్పు వేయించుకుందాం" అన్నాను.

"నీకేం తెలుసే? ఇంకా పెరుగుద్ది" అన్నాడు మా ఆయన.

తర్వాత పడింది. పడ్డప్పుడు అమ్మాలా వద్దా అన్నది మా వాళ్లకు అసలు ప్రశ్నే కాలేదు. ఎందుకంటే మా వైపు రైతుకు ఒకటే విద్య తెలుసు. రేటు లేకపోతే సరుకు ఏసీలో పెట్టడం. మిర్చి టిక్కీలు, అంటే బస్తాలు, కోల్డు స్టోరేజీకి తోలి, అద్దె కట్టుకుంటూ, ఓపిక పట్టి, రేటొచ్చాక తీయడం. ఒక ఏడాది అలా ఓపిక పట్టి లాభపడ్డవాడు చచ్చేదాకా దాన్నే చెప్పుకుంటాడు.

"ఏసీలో పెట్టామనుకుందాం రా" అన్నాడు మా ఆయన, షేరు సగానికి పడ్డ రోజున.

"అంతేరా, కంగారు పడి తెగనమ్ముకుంటే ఎట్టా?" అన్నాడు అన్నయ్య.

మాస్టారు తల ఊపారు. ముగ్గురూ చదువూ సంధ్యా ఉన్నవాళ్లే. కానీ ఏసీలో మిర్చికి రంగు తగ్గినా కారమైనా ఆడించుకోవచ్చన్న సంగతి వాళ్లలో ఒక్కరికీ తట్టలేదు. ఆ షేరు పచ్చట్లోకి కూడా పనికి రాదు.

ఆ తర్వాత వచ్చిన ఏళ్లు మమ్మల్ని రెండు వైపులా వాయించాయి. ఇక్కడ నల్ల తామరపురుగు పూత మీద పడింది, మందుల ఖర్చు పెరిగింది, చివరికి మిర్చి ధరా కూలింది. అక్కడ వానల్లేక డ్యాములు ఎండి కరెంటు కోతలు వచ్చాయట. కరెంటు లేకపోతే పంపులు ఆడవు, పంపులు ఆడకపోతే గనిలోకి భూమి అడుగు నీళ్లు ఊరతాయి. ఇది విన్నప్పుడు నాకు ఒళ్లు మండింది.

"ఇక్కడ మోటారేస్తే నీళ్లు రావు, అక్కడ మోటారేస్తే గానీ నీళ్లు పోవు. వెతికి వెతికి మంచి చోటే పట్టారు" అన్నాను కల్లంలో అందరూ వినేట్టు.

కూలికొచ్చిన ఆడవాళ్లు పగలబడి నవ్వారు. మా ఆయన నవ్వలేదు. ఆయన నవ్వడం మానేసి అప్పటికే చాలా రోజులైంది. అన్నం కలుపుతూ కలుపుతూ ఎడమచేత్తో ఫోను తీసి చూసేవాడు, ముద్ద అలాగే పళ్లెంలో వదిలేసి లేచిపోయేవాడు. చొక్కా వదులైంది. దవడలు పీక్కుపోయాయి.

అలాంటప్పుడు కంపెనీ నుంచి కొత్త కబురొచ్చింది. గనిని మళ్లీ నిలబెట్టడానికి డబ్బు కావాలట. పాత వాటాదారులకు తక్కువ ధరకు కొత్త షేర్లు ఇస్తారట. కొనకపోతే మన పాత వాటా నీళ్ల మజ్జిగలా పలచబడిపోతుందట. కొనడానికి గడువు కూడా పెట్టారు.

పందిరి కింద ఆ వారమంతా ఒకటే వాదన. ఈ ధరకు ఇంకొన్ని కొంటే మనం కొన్న సగటు ధర కిందికి దిగుతుందని మాస్టారు కాగితం మీద లెక్క వేసి చూపించేవారు. ఖనిజం ఎక్కడికీ పోదని, నేలలోనే ఉంటుందని అన్నయ్య అనేవాడు. మా ఆయన మాత్రం అన్నీ విని, చివర్లో నా వైపు చూసేవాడు. ఆ చూపు నాకు అర్థమైంది.

మా నాన్న నాకు రాసిచ్చిన ఎకరన్నర ఉంది, నల్లరేగడి. ఇంటికి ఉన్నదంతా కౌలు చేనే, సొంతమని చెప్పుకోవడానికి అదొక్కటే. దాన్ని అమ్మి కొత్త షేర్లు కొందామని ఆయన ఆలోచన. అది నా పేరు మీదుంది, నా సంతకం లేకుండా కదలదు.

"చచ్చినా పెట్టను" అన్నాను.

"పెట్టకపోతే వేసిందంతా పోతదే."

"పోయిందండీ! ఎప్పుడో పోయింది! మీ ముగ్గురికీ ఒప్పుకోడానికి నోరు రావడం లేదు, అంతే."

ఆయన చెప్పులేసుకుని బయటికి వెళ్లిపోయాడు. ఎదురు తిట్టే మనిషి తిట్టడం మానేస్తే ఇంట్లో ఎంత భయంగా ఉంటుందో అప్పుడు తెలిసింది.

పత్తీ మిర్చీ వేసే మా ప్రాంతంలో ప్రతి ఇంట్లో ఒక మందుల గది ఉంటుంది. పురుగుమందు డబ్బాలు, పిచికారీ మిషను అందులో పెట్టుకుంటాం. పంట కోశాక ఆ గదితో ఎవరికీ పని ఉండదు. ఒక మధ్యాహ్నం నేను కల్లం నుంచి మంచినీళ్ల కోసం ఇంటికి వస్తే, మా ఆయన ఆ గది గుమ్మంలో ఊరికే నిలబడి ఉన్నాడు.

"ఏం కావాలండీ?"

"ఏం లేదు. చూస్తన్నా."

 ఆయన పక్కకు జరిగాక తలుపు లాగి, తాళం వేసి, తాళంచెవి బొడ్లో దోపుకున్నాను.  మా ఊళ్లలో ఆ తాళం ఎందుకు వేస్తారో మొగుడికీ తెలుసు, పెళ్లానికీ తెలుసు.

గడువుకు ముందు కంపెనీ వాళ్లు ఫోనుల్లో, టీవీల్లో కనిపించే మీటింగు ఒకటి పెట్టారు. వాటాదారులు ఎక్కడి నుంచైనా చూడొచ్చు, ప్రశ్నలు రాసి పంపొచ్చు. మాస్టారి ఇంట్లో పెద్ద టీవీ ఉంది కాబట్టి అక్కడ చేరాం. నేనూ వెళ్లాను, నా పొలం సంగతి కదా. మాస్టారు చర్చిలో సంఘపెద్ద. మీటింగు మొదలయ్యే ముందు తల వంచి, "ప్రభువా, ఆ గనిని, అందులో పనిచేసే బిడ్డల్ని, మా కష్టార్జితాన్ని నీ చేతుల్లో పెడుతున్నాం" అని ప్రార్థన చేశారు. నేనూ కళ్లు మూసుకున్నాను. ఆ పరిస్థితిలో ఏ దేవుడైనా నాకు దేవుడే.

తెరమీద నీలం చొక్కా పెద్దమనిషి ఒకాయన వచ్చాడు. వెనక రంగురంగుల మ్యాపు. మాస్టారు ఎప్పటికప్పుడు తెలుగులో చెబుతున్నారు. రాగికి ముందు ముందు మంచి గిరాకీ ఉందట, కంపెనీకి ఓపికగల వాటాదారులే బలమట. ఓపిక అన్న మాటకు మా ఆయన ముఖం కొంచెం వెలిగింది. నాకు మాత్రం ఒకటే సందేహం.

"అన్నయ్యా, ఇప్పుడు పంపులు ఆడుతున్నాయా?"

"ఆడకపోతే ఎట్టా చెల్లెమ్మా" అన్నాడు, టీవీ మీంచి చూపు తిప్పకుండా.

"అయితే అడుగు."

"అయ్యన్నీ వాళ్లు చూసుకుంటారులే."

పంపుల దగ్గరే సగం జీవితం గడిపిన మనిషి ఆ ఒక్క ప్రశ్న అడగడం లేదు. తెలియక కాదు, వచ్చే జవాబుకు భయపడి. నేను మాస్టారి వైపు తిరిగి, "మీరు రాయండి మాస్టారూ, నీళ్లు తోడుతున్నారా, ఆపేశారా అని" అన్నాను. ఆయన ఇంగ్లీషులో రాసి పంపారు. చాలాసేపటికి ఒకమ్మాయి మా ప్రశ్న చదివింది. నీలం చొక్కా పెద్దమనిషి గ్లాసెత్తి ఒక గుక్క తాగి, అదే చిరునవ్వుతో ఏదో చెప్పాడు. ఈసారి మాస్టారు తెలుగు చేయలేదు.

"ఏమన్నాడండీ?"

అన్నయ్యే చెప్పాడు. "ఆపేశారంట. ఎప్పుడో ఆపేశారంట చెల్లెమ్మా, కరెంటు బిల్లు కట్టలేక. కొత్త డబ్బులొస్తే మళ్లీ తోడతారంట."

"తోడితే?"

 అన్నయ్య భుజం మీది తువ్వాలు తీసి ముఖానికి కప్పుకున్నాడు. అన్నేళ్లు తన చేత్తో ఎండగట్టిన గనుల లాంటిదే అదీ. నీళ్లెక్కి వదిలేసిన గని మళ్లీ తేరుకోవడం ఎంత కష్టమో అతనికి ఒకరు చెప్పనక్కర్లేదు. తువ్వాలు వెనక భుజాలు కదులుతుంటే మాస్టారి భార్య తెచ్చిన టీ అలాగే చల్లారిపోయింది.

మా ఆయన మాత్రం లేచి నిలబడ్డాడు. "అదే గదా నేననేది! మనం ఏస్తే తోడతారు. అందరూ ఏస్తే తోడతారు. ఇప్పుడు ఏకపోతేనే పోద్ది!"

గదిలో ఎవరూ ఆయన కళ్లలోకి చూడలేకపోయారు.

ఇంటికొచ్చాక చెప్పాను, ఇక నా పొలం మాట ఎత్తొద్దని. ఆయన అరుగు మీద కూలబడ్డాడు.

"బయానా తీసుకున్నా" అన్నాడు.

"ఏంటీ?"

"మీ చిన్నాన్న కొడుకు దగ్గర. నువ్వు ఒప్పుకున్నావని చెప్పా. పోయిన వారమే."

"ఏదండీ ఆ డబ్బు?"

ఆయన ఫోను వైపు చూపించాడు. కొత్త షేర్లకు కట్టేశాడు, గడువు దాకా కూడా ఆగలేదు.

ఆ రోజు నేను నోటికొచ్చినట్టు తిట్టాను. మా నాన్నను తలుచుకుని ఏడ్చాను, గుండెలు బాదుకున్నాను, వీధిలో వాళ్లు వచ్చి చూసిపోయారు. ఆయన ఒక్క మాట తిరిగి అనుంటే నాకు ఎంత బాగుండేదో. అన్నీ అయ్యాక మాత్రం, "నాకింకేం మిగల్లేదే" అన్నాడు, అదీ నాతో చెప్పినట్టు లేదు. అని, తాళం వేసున్న మందుల గది వైపు చూశాడు.

నేను అప్పుడే నిర్ణయించుకున్నాను. కోపం పోయి కాదు. ఇప్పటికీ పోలేదు. మా చిన్నాన్న కొడుకు వచ్చి, "రాసియ్యక్కా, లేకపోతే బయానాకు రెట్టింపు కట్టాలి, నీకు తెలవందేముంది?" అన్నప్పుడు నేను బేరం కూడా ఆడలేదు. ఊళ్లో రెట్టింపు కట్టలేనివాడు తల ఎలా ఎత్తుకుంటాడో, ఎత్తుకోలేకపోతే ఏం చేస్తాడో నేను చూసినదాన్నే. పొలం పోతే కౌలుకు చేసుకుంటాం.

సత్తెనపల్లి రిజిస్ట్రారాఫీసులో బెంచీ మీద కూర్చున్నాం. మిగతా సొమ్ము పురుగుమందుల కొట్టు బాకీకీ, ఏసీ సరుకు మీద తెచ్చిన అప్పుకూ చెప్పేసి ఉంది, నా చేతిదాకా రాదు. పిలిస్తే లోపలికి వెళ్లాను. వేలిముద్రలు వేశాను, ఫొటో తీశారు. ఆఫీసరు తల ఎత్తి అందరినీ అడిగే మాటే నన్నూ అడిగాడు.

"ఇష్టపూర్వకంగానే రాసిస్తున్నారా అమ్మా? డబ్బు ముట్టిందా?"

మా ఆయన గుమ్మం దగ్గర నిలబడి నా నోటి వంకే చూస్తున్నాడు. తప్పు చేసి తల్లి ఎదుట నిలబడ్డ పిల్లాడిలా ఉన్నాడు.

"ముట్టిందండీ" అన్నాను.

బయటికొచ్చి మెట్లు దిగుతుంటే ఆయన ఫోను తీసి చూశాడు. చాలా నెలల తర్వాత ఆయన గొంతులో ప్రాణం వినిపించింది.

"రాగి రేటు పెరిగిందే ఇయ్యాల" అన్నాడు.

మా గని నిండా నీళ్లున్నాయని ఆయనకూ తెలుసు. అయినా "మంచిదేగా, పదండి, బస్సొస్తుంది" అన్నాను. నడుస్తూనే బొడ్లో తాళంచెవి ఉందో లేదో తడిమి చూసుకున్నాను. ఇప్పుడు ఆ పొలంలోనే కౌలుకు పత్తి వేశాం. మందు కొట్టే రోజున గది నేనే తీస్తాను, నేనే లెక్క చూసుకుని మూస్తాను. తాళంచెవి ఇంకా నా బొడ్లోనే ఉంది.