నాగమణి ఫోన్‌కు తాళం

కోదాడలో ఒక ప్రైవేటు దవాఖానలో నర్సుగా పనిచేసే నాగమణికి 2013లో భర్త లింగస్వామి టచ్ ఫోన్ కొనిచ్చాడు. అతను మిర్యాలగూడ రైసుమిల్లు లారీ నడుపుతూ వారానికోసారి ఇంటికొచ్చేవాడు. ఫోన్ చేతికొచ్చిన నాటి నుంచి ఆమె ఎక్కడ తిరిగిందీ అతనికి తెలిసిపోయేది.

"హుజూర్‌నగర్ల నీకేం పని?" అన్నాడొకసారి.

అక్కడి దవాఖానలో ఇంతకన్నా మంచి ఉద్యోగముందంటే కనుక్కోవడానికి వెళ్లింది. ఆ సంగతి తోటి నర్సు శోభకు తప్ప ఎవరికీ చెప్పలేదు. మాటలు మోసేది శోభేనని నమ్మి, వార్డులో అందరి ముందూ దులిపేసింది.

"నా కాపురంల నిప్పులు పోస్తవా? నీకేం పాపం జేసిన్నే?"

శోభ ఆ నెల జీతం తీసుకుని సూర్యాపేటకు వెళ్లిపోయింది.

తర్వాత కొన్నాళ్లకు ఫోన్ ఊరికే వేడెక్కుతూ, చార్జింగ్ పూటైనా నిలవకపోతుంటే నాగమణి సెల్ షాపు శ్రీకాంత్‌కు చూపించింది. అతను చాలాసేపు వెతికి గొంతు తగ్గించాడు.

"అక్కా, దీంట్ల దొంగ యాప్ ఉన్నది. నువ్వు ఏడికి పోయినా, ఎవరికి మెసేజ్ పెట్టినా ఇంకో ఫోన్‌ల కనబడతది. ఎవరన్న ఈ ఫోన్ చేతిల పట్టుకొని ఎక్కిస్తెనే ఎక్కుతది."

లింగస్వామి తప్ప ఆ ఫోన్ ఎవరూ పట్టుకోలేదు.

శ్రీకాంత్ అంతా చెరిపేసి కొత్త సాఫ్ట్‌వేర్ ఎక్కించాడు. బయటి యాప్‌లు దిగకుండా సెట్టింగు మార్చాడు. తెరకు నంబరు తాళం పెట్టించి, "ఇది ఎవ్వరికి చెప్పకు" అన్నాడు.

శనివారం లింగస్వామి వచ్చి ఫోన్ తీశాడు. తెరుచుకోలేదు.

"దాసేటిది లేకపోతె తాళమెందుకే?"

"నా ఫోన్‌ల దొంగలెక్క సొచ్చింది నువ్వు. మల్ల నన్నే అడుగుతున్నవా?"

అతను మునగాల వెళ్లి అత్త దేవమ్మను వెంటబెట్టుకొచ్చాడు. కూతురు చెప్పేది ఆమె సగం కూడా వినలేదు.

"మొగుడే గద బిడ్డా, సూస్తె ఏమైతది? చెప్పరాదు."

నాగమణి నంబరు చెప్పేసింది. లింగస్వామి అక్కడే కూర్చుని, ఆమె కళ్లముందే యాప్ మళ్లీ ఎక్కించాడు. ఈసారి దాచే పని కూడా పెట్టుకోలేదు.

మర్నాడు దవాఖాన ఫోన్‌లో శోభకు జరిగిందంతా చెప్పి ఏడ్చింది.

"నన్నొక్క మాట అడగకపోతివి నాగమణీ" అని శోభ ఫోన్ పెట్టేసింది.

వార్డులో ఎవరో "సిస్టర్" అని పిలిస్తే వెళ్లి సెలైన్ మార్చింది. ఆ తర్వాత తన మనసులో మాట ఎవరికీ చెప్పుకోలేదు, ఫోన్‌లో గానీ, ఎదురుగా గానీ.