మగ రోకలిబండ కోసం

రోకలిబండలంటే అందరికీ వానాకాలం గోడల మీద పాకే పురుగులే గుర్తొస్తాయి. నేను వెతికినవి గుహల్లో బతికేవి. తెల్లగా, కళ్లు లేకుండా, వేలిగోరంత ఉంటాయి. కోరుట్లలో కాలేజీ పిల్లలకు జువాలజీ చెప్పే నాకు గొల్లపల్లి అవతలి గుట్టలో అవి దొరికినప్పుడు తోడున్నది మా బాపు ఒక్కడే. సిరిసిల్ల మరమగ్గాల దగ్గర చప్పుడుకు చెవులు, దూది దుమ్ముకు ఊపిరితిత్తులు పోగొట్టుకుని, అమ్మ చనిపోయాక నా దగ్గరికి వచ్చాడు. దగ్గుతూనే టార్చి పట్టేవాడు.

దొరికినవన్నీ ఆడవే. వీటిలో ఏ జాతివైనా ఆడవన్నీ ఒకేలా ఉంటాయి. మగదాని ఏడో ఖండంలో కాళ్లకు బదులు జతకట్టడానికి పనికొచ్చే చిన్న కొక్కేలుంటాయి. వాటి ఆకారం చూస్తేనే అది ఏ జాతో, కొత్తదో పాతదో తేలుతుంది.

"ఆడిదాన్ని జూసి పేరు పెట్టరాదా?" అన్నాడు బాపు.

"రాదు బాపూ. గీడ గూడ మగోడే సంతకం బెట్టాలె," అని అరిచాను. ఆయనకు వినపడాలని కొంత, ఉక్రోషం కొంత.

చివరికి ఒక పిల్ల పురుగు దొరికింది. ఏడో ఖండంలో కాళ్ల చోట బొడిపె ఉంది, మగదే. ఇంకొక్కసారి పొట్టు విడిస్తే పెద్దదై కొక్కేలు బయటపడతాయి. గుహ మట్టి నింపిన డబ్బాలో ఇంటికి తెచ్చాం. కొన్నాళ్లకే గుట్ట మీదికి క్వారీ వచ్చి గుహ పోయింది. ఇక మా ఆశంతా ఆ డబ్బాయే. నేను కాలేజీకి వెళ్తే బాపు కాపలా. మట్టి ఆరకుండా నీళ్లు చిలకరించేవాడు. కదిలిస్తే చస్తుందని, చుట్టాల్ని కూడా ఆ గదిలో అడుగు పెట్టనిచ్చేవాడు కాదు.

ఎండాకాలం ఆయాసం ఎక్కువై ఆయన్ను జగిత్యాల ఆసుపత్రిలో చేర్చాను. ఒక రోజు స్నానానికని ఇంటికి వచ్చి డబ్బా తెరిస్తే, పురుగు తల వరకే పొట్టులోంచి బయటపడి చచ్చిపోయి ఉంది. లెన్సు కింద పెట్టి చూశాను. ఏడో ఖండం పొట్టు లోపలే ముద్దయిపోయింది. దాన్నిబట్టి ఎవరూ ఏమీ చెప్పలేరు. వంటింట్లో కింద కూర్చుని బాగా ఏడ్చాను.

నేను తిరిగి వెళ్లగానే బాపు ఆక్సిజన్ మాస్కు పక్కకు జరిపాడు. "పొట్టు ఇడిసిందా?"

"ఇడిసింది బాపూ. మగదే. కొత్త జాతి," అని చెవి దగ్గర గట్టిగా చెప్పాను.

ఆయన ముఖం అంత సంతోషంగా ఉండగా చూసి ఎన్నాళ్లయిందో. "అయితే మీ అమ్మ పేరు పెట్టు బిడ్డా."

పక్క మంచం ఆయనకు, నర్సుకు, చూడవచ్చిన మేనత్తకు, అందరికీ ఈ కబురే చెప్పుకున్నాడు. ఆ వారమే పోయాడు.

సిరిసిల్లలో దినాల నాడు అత్త నా పక్కన కూర్చుంది. "మీ అమ్మ పేరు పెట్టినవట గదా. ఏదీ, సూపియ్యి." ఫోనులో ఒక ఆడ రోకలిబండ ఫొటో చూపించాను. కళ్లద్దాలు సర్దుకుని చాలాసేపు చూసింది.

"మా వదినె పేరు ఇగ బుక్కులల్ల ఎప్పటికి ఉంటదా బిడ్డా?"

"ఉంటది అత్తా," అన్నాను. బాపుతో చెప్పినప్పుడు ఏడుపు ఆపుకోగలిగాను. ఈసారి నా వల్ల కాలేదు.