బండెడు తక్కువ కంకర

కంకర బేరంలో నన్ను ఓడించినవాడు ఇంకా పుట్టలేదు. మొన్న వాకిట్లో పరిపించడానికి కంకర తెచ్చిన లారీవాడి చేత సగం లోడే దింపించి, మిగతాది గర్వంగా వెనక్కి పంపేశాను. మొదటి వానకే రాళ్లు మట్టిలోకి కుంగి, గేటు దగ్గర బురద పళ్లికిలించింది. తడిసిన కంకర వాసన తగలగానే చిన్నప్పటి ఖరగ్‌పూర్ గుర్తొచ్చింది. ఈ తెలివి నాకు ఊరికే రాలేదు, మా నాన్న ఇచ్చిన ఆస్తి.

అక్కడి ఝపటాపూర్ పేటలో మాది బియ్యం, పప్పుల కొట్టు. వెనకే ఇల్లు, అక్కణ్ణించి సందు చివర సత్యమ్మ గారింటి దాకా ఎర్రమట్టి దారి. ఆవిడ భర్తకు రైల్వే వర్క్‌షాపులో పని. సైరన్ మోగి, బొగ్గు పొగలోంచి సైకిళ్లన్నీ ఇళ్లకు మళ్లే వేళకి, నాన్నను కన్న మా మామ్మ ఉడికించిన సెనగలు కొంగున కట్టుకుని సత్యమ్మ గారి అరుగు మీదికి చేరేది. బెంగాలీ ముక్క రాని మామ్మకు మనసు విప్పి మాట్లాడేందుకు ఆ సందులో ఉన్న తెలుగావిడ సత్యమ్మ ఒక్కతే. వానలొస్తే మాత్రం ఆ మట్టి జిగురై పాదాన్ని వదిలేది కాదు. ఒకసారి జారిపడ్డాక, కంకర పోయిస్తే తప్ప గడప దాటనంది.

నాన్న సందు పొడవు అడుగులతో, మందం వేళ్లతో కొలిచి, కుంచాలు లెక్కగట్టినట్టే బళ్లు లెక్కగట్టాడు. బండి తోలే బెంగాలీ దాదా అయిదంటే నాలుగన్నాడు, ఆ నాలుగూ తలకొట్టి కాదు, గోపురంగా నింపాలన్నాడు. దాదా ఠీక్ హై అని నవ్వుకుంటూ పోయాడు. అమ్మకు మాత్రం అనుమానమే.

“తొక్కితే దిగిపోదేటి? ఇంకో బండి సెప్పండి.”

“బియ్యం కుదిపితే దిగుతాయి గానీ, రాయి దిగుద్దేటే?” అన్నాడు, రోజూ కుంచంలో బియ్యం కుదపకుండా వదులుగా పోసే మా నాన్న.

ఆషాఢంలోనే రాయి దిగింది. ఉన్నదాన్నే చివరంటా సర్దుదామని పారతో లాగితే మధ్యలోనూ బురద తేలింది. అంత వానలో ఇక ఏ బండీ రానంది. మామ్మ కంకర ఉన్నంత దాకా నడిచి ఆగిపోయేది. అటు అరుగు మీంచి సత్యమ్మ కేకేసేది.

“ఏటి వదినా, సగం దారి సుట్టరికమా?”

మామ్మ నవ్వేది. తిరిగొచ్చి, కొంగులో సెనగలు మాకు పంచేది.

దుర్గాపూజలకు వానలు వెనకబట్టేసరికి సత్యమ్మ భర్త రిటైరయ్యాడు, సామానుతో సహా ఇద్దరూ పలాస వెళ్లిపోయారు. ఆ తర్వాత నాన్న అయిదో బండి బేరమాడకుండా పోయించాడు. మామ్మ ఆ దారిన నడవలేదు.

నిన్న నేనూ మిగతా సగం లోడు తెప్పించాను. ఇప్పుడు ఆ కొట్టు లేదు, కుంచం లేదు, అరుగు మీంచి కేకేసే మనిషీ లేదు. లెక్క ఒప్పుగా చెప్పాలంటే, ఆ బేరంలో మాకు మిగిలింది బండెడు కంకర, అదీ చివరికి కొన్నాం. ఖర్చయింది మాత్రం సత్యమ్మ ఆ ఊళ్లో ఉన్న ఆఖరి వానాకాలం, అది మామ్మది.