శనివారం కొన్న కారు

నా చిన్నప్పుడు, ఒక శుక్రవారం సాయంత్రం, దూరంగా మల్లాపూర్ ఫ్యాక్టరీల్లో నాలుగు గంటల సైరన్ మోగి ఆగిన వేళ, నేను ఒక గోళీసోడా తాగి మా నాయన బతుకుతెరువును పరాయి మనిషి చేతిలో పెట్టాను. అప్పుడు నాకు ఎనిమిదేళ్ళు. గడియారం చూడటం రాదు, అక్షరాలు అంతకన్నా రావు. అవి నేర్చుకున్నది నలభై దాటాక. కానీ ఆ సైరన్ ఎప్పుడు మోగిందో, ఎప్పుడు ఆగిందో ఎవరూ నాకు చెప్పనక్కర్లేదు.

మేము నాచారంలో ఉండేవాళ్ళం. నాయన ఒక కంపెనీలో పెద్ద సారు కారు నడిపేవాడు. ఆ కంపెనీ మూతపడింది. నాలుగు నెలలు నాయన ఇంట్లో కూర్చున్నాడు. పని లేని మగమనిషి ఇంట్లో కూర్చుంటే అమ్మ గిన్నెలు కూడా చప్పుడు కాకుండా దించాల్సి వచ్చేది. అలాంటప్పుడు మల్లాపూర్‌లో ఒక ఫ్యాక్టరీ మేనేజర్ పిలిచి మాట ఇచ్చాడు. వాళ్ళ ఇంజనీర్లను పొద్దున తీసుకొచ్చి సాయంత్రం దింపడానికి కిరాయి కారు కావాలి. సోమవారం పొద్దున ఎనిమిదింటికి సొంత కారుతో గేటు ముందు నిలబడితే పని నాయనది. లేకపోతే వెనక ఇంకొకడు కాచుకుని ఉన్నాడు.

కంపెనీ లెక్క తీర్చి ఇచ్చినదీ, అమ్మ ఎత్తిన చిట్టీ కలిపినా చాలలేదు. నాయనకు అక్క, మా మేనత్త, మా వెనక వీధిలోనే నాలుగు బర్రెలను పెట్టుకుని పాలు పోసేది. మామ పోయాక ఆ బర్రెలే ఆమెకు దిక్కు. అందులో రెండింటిని అమ్మి ఆ పైకం తెచ్చి నాయన చేతిలో పెట్టింది. అంతా కలిపితే పన్నెండు వేలు. కారు చూడటానికి తనూ వస్తానంది. కార్ల సంగతి నీకేం తెలుసక్కా అని నాయన విసుక్కుంటే, నా బర్రెలు ఎటు పోతున్నాయో చూడొద్దా అంది. ఆమె కొంగు పట్టుకుని నేను.

పాత కార్లు కొని అమ్మే షెడ్డు ఉప్పల్ రోడ్డు పక్కన ఉండేది. పైన రేకులు, కింద నూనె మరకలు. దాని యజమానిని అందరూ సేటు అనేవాళ్ళు. మాట మెత్తన, చూపు గట్టి. మేము వెళ్ళేసరికే ఒక కారును తుడిచి ముందుకు పెట్టించాడు. నాయన తాళం తిప్పగానే ఇంజను పలికింది. నాలుగు నెలల తర్వాత నాయన చేయి స్టీరింగు మీద పడింది. ఆయన ముఖం ఎట్లా అయిందో నేను చూశాను. సేటు కూడా చూశాడు.

బేరం పద్నాలుగు వేల దగ్గర మొదలైంది. నాయన పదకొండు అన్నాడు. అటూ ఇటూ అయి సేటు పదమూడుకు దిగాడు, ఇంకా దిగేటట్టే ఉన్నాడు. నాయన కారు చుట్టూ తిరుగుతూ టైర్లు చూస్తున్నాడు. అత్త గేటు పక్కన నీడలో నిలబడి ఉంది. అప్పుడు సేటు నన్ను ఎత్తి వెనక సీటులో కూర్చోబెట్టి సోడా తెప్పించి ఇచ్చాడు. అంతకు ముందు నేను కారు సీటు మీద కూర్చుని ఎరగను. కారు ఎవరికి బిడ్డా అని అడిగాడు. నేను ఆగకుండా చెప్పుకుంటూ పోయాను. నాయనకు పని లేదన్నాను. సోమవారానికి కారు లేకపోతే పని ఇంకొకరికి పోతుందన్నాను. అత్త రెండు బర్రెలను అమ్మిందన్నాను. సేటు నా తల నిమిరి, డోరు మెల్లగా వేసి, నాయన దగ్గరికి వెళ్ళాడు.

ఆ తర్వాత ఆయన పదమూడు నుంచి కదల్లేదు. కదలకపోగా మళ్ళీ పద్నాలుగు అన్నాడు.

"సూడన్నా, రేపు శనివారం. శనివారం నాడు ఇనుము ఎవ్వరు కొనరు. ఎల్లుండి నా షాపు బంద్. నీకేమో సోమవారం పొద్దుగాల కారు గావాలె. ఆరింటికి బోడుప్పల్ పార్టీ ఒకటి వస్తున్నది. ఇయ్యాల్నే బయానా ఇస్తివా, బండి నీది."

నాయన చేతిలో పైకం మూట ఉంది. ఆయన మూట ముడి మీద వేలు పెట్టినవాడు ఆగిపోయాడు. సోమవారం సంగతి ఆ షెడ్డులో నాయన ఎవరికీ చెప్పలేదు. చెప్పొద్దని దారి పొడుగునా అనుకుంటూ వచ్చాం. నాయన తల తిప్పాడు. కారులో నేను, నా చేతిలో సోడా సీసా. సీసాను ఎక్కడ దాచాలో తెలియక కాళ్ళ మధ్య పెట్టుకున్నాను.

"నేనే చెప్పిన తమ్మీ," అంది అత్త గేటు దగ్గర్నుంచి. "ఆయన అడిగిండు. నోరు జారింది."

నాయన నమ్మలేనట్టు చూశాడు. అత్త బర్రె ఎన్ని సేర్లు ఇస్తుందో పక్కింటివాళ్ళకు కూడా చెప్పని మనిషి. కానీ ఆమె తల వంచుకుని నిలబడింది. అంతే, నాలుగు నెలలుగా గొంతులో అణుచుకున్నదంతా నాయన ఆమె మీద పోశాడు. పరాయివాడి ముందు, తనకన్నా పదేళ్ళు పెద్దదని ఎప్పుడూ గౌరవంగా మాట్లాడే అక్క మీద. "బర్రెలను అమ్మి ఇచ్చినవని నా బతుకు గూడ అమ్ముతవా?" అన్నాడు. సేటు పక్కనే నిలబడి విన్నాడు. ఆయనకు నిజం తెలుసు. నా వైపు ఒకసారి చూసి, జేబులోంచి రుమాలు తీసి, మరక లేని చోట బానెట్టు తుడవడం మొదలుపెట్టాడు.

నాయన తిట్టడం అయ్యాక అత్త దగ్గరికి వచ్చి ఆయన చేతిలోంచి మూట తీసుకుంది. నడుముకు దోపుకుంది. పోదాం పా అంది. బోడుప్పల్ పార్టీ వస్తే నన్నేం అనొద్దని సేటు వెనక నుంచి అంటున్నాడు. ఆమె ఆగలేదు.

నాచారం దాకా నడిచే వచ్చాం. నాయన ముందు, చాలా దూరంలో. అత్తా నేనూ వెనక. నేను ఏడుపు ఆపుకుంటూ నడిచాను. చాలాసేపటికి అత్త అడిగింది:

"సోడా సల్లగుండెనా?"

అప్పుడు ఏడ్చాను. ఆమె నన్ను ఆపలేదు, దగ్గరికి తీసుకోనూ లేదు. చేయి పట్టుకుని నడుస్తూనే ఉంది. నా ఏడుపు తగ్గాక చెప్పింది.

"ఆయన నీ నోట్లకెల్లి ఒక మాట గుంజుకున్నడు. నేను ఆయన నోట్లకెల్లి ఒకటి గుంజుకున్న. రేపు ఎవ్వరు కొనరని ఆయననే చెప్పిండు గద. ఎవ్వరు కొననప్పుడు మనం పోదాం."

ఇంట్లో అమ్మ ఒప్పుకోలేదు. శనివారం ఇనుము తెచ్చిన ఇంట్లో ఏమేం జరిగాయో పేరుపేరునా చెప్పింది. అత్త అన్నీ విని, బర్రెను కొనేటప్పుడు రెండు పూటలా పాలు పిండి చూస్తాం కదా అంది. అమ్మేవాడు ముందు పూట పిండకుండా ఆపి పొదుగు నిండుగా చూపిస్తాడు. సాయంత్రం ఒక పూట చూశాం, పొద్దుటి పూట చూడొద్దా అంది. నాయన గోడ వైపు తిరిగి పడుకున్నాడు. ఆయన భయం శనివారం గురించి కాదు. ఆరింటికి వస్తానన్న పార్టీ నిజమే అయితే, బండి ఆ సరికే పోయి ఉంటుంది. పోయి ఉంటే దానికి కారణం ఎవరో నాకు తెలుసు. ఆ రాత్రి నేను అన్నం తినలేదు. ఎందుకని ఎవరూ అడగలేదు.

పొద్దున షెడ్డు తీయకముందే వెళ్ళాం. గేటుకు గొలుసు వేసి ఉంది. నాయన గేటు దాకా వచ్చి లోపలికి చూడలేక రోడ్డు వైపు తిరిగి నిలబడ్డాడు. నేను గేటు సందులో కన్ను పెట్టి చూశాను. కారు ఉంది. నిన్న ఎక్కడ ఆపారో అక్కడే ఉంది.

సేటు స్కూటరు మీద వచ్చి మమ్మల్ని చూసి, ఇయ్యాల వచ్చిన్రేంది అక్కా అన్నాడు. ఆయన గొలుసు తీయగానే అత్త లోపలికి వెళ్ళి బానెట్టు మీద అరచేయి పెట్టింది. చల్లగా ఉంది. నాయనను స్టార్ట్ చేయమంది. నాయన తాళం తిప్పాడు. కారు మూలిగి ఊరుకుంది. మళ్ళీ తిప్పాడు. ఆఖరికి కారు ముందు భాగంలో హ్యాండిల్ పెట్టి ఏడెనిమిది సార్లు తిప్పితే గాని ఇంజను లేవలేదు. లేచి షెడ్డంతా నీలం పొగ నింపింది. నిన్న మేము రాకముందు సేటు దాన్ని వేడి చేసి పెట్టాడు.

మా నాయన పదిహేనేళ్ళ డ్రైవరు. చల్లటి ఇంజను చూడాలని ఆయనకు తెలియక కాదు. అవసరం ఆయనకు ఆ మాట మరిపించింది. ఇప్పుడు పొగ చూడగానే మళ్ళీ డ్రైవరు అయ్యాడు. చొక్కా చేతులు మడిచి బానెట్టు ఎత్తి, బ్యాటరీ చచ్చిందన్నాడు, పిస్టన్ రింగులు అరిగాయన్నాడు. నాలుగు నెలల్లో అంత గట్టిగా మాట్లాడగా నేను వినలేదు.

అత్త పదకొండు వేలు, కొత్త బ్యాటరీ అంది. సేటు నవ్వాడు. సోమవారం సంగతి మళ్ళీ ఎత్తాడు. మీకు ఇంకో దారి లేదని నాకు తెలుసు అన్నాడు.

"నిజమే," అంది అత్త. "మాకు కారు గావాలె. ఉన్నమాట దాస్తే ఏమొస్తది. నీకు బోణీ గావాలె. ఇయ్యాల నీ గేటు దాటి ఎవ్వరొస్తరో సూద్దాం."

అని అక్కడే తిరగేసిన నూనె డబ్బా మీద కూర్చుంది. నాయన పక్కన మట్టిలో గొంతుకూర్చున్నాడు. సేటు లోపలికి వెళ్ళాడు. ఎండ రేకుల మీదికి వచ్చింది. సేటు చాయ్ తెప్పించుకుని తాగాడు, మాకు ఇవ్వలేదు. రోడ్డు మీద బస్సు ఆగినప్పుడల్లా నాయన తల ఎత్తేవాడు. రెండు మూడు సార్లు నోరు తెరవబోయాడు, పన్నెండు అనేస్తాడేమోనని అత్త ఆయన మోకాలి మీద చేయి వేసింది. ఆ చేయి మళ్ళీ తీయలేదు.

ఒక స్కూటరు వచ్చి ఆగింది. దిగినాయన మంచి బట్టల్లో ఉన్నాడు. నేరుగా ఆ కారు దగ్గరికే వచ్చాడు. సేటు పరుగున బయటికి వచ్చాడు. ఆయన కారు చుట్టూ తిరిగాడు, సీటు నొక్కి చూశాడు, ధర అడిగాడు. పద్నాలుగు అని సేటు మా వైపు చూస్తూ చెప్పాడు. ఆయన తల ఆడించాడు. నాయన లేవబోయాడు, మోకాలి మీది అత్త చేయి ఆపింది.

"బాగనే ఉన్నది సేటు. సోమవారం వస్త. ఇయ్యాల శనివారం గద."

స్కూటరు వెళ్ళిపోయింది. సేటు గేటు దగ్గర కాసేపు నిలబడ్డాడు. అత్త నవ్వలేదు, తల కూడా ఎత్తలేదు. నేల మీద చీమలను చూస్తోంది. సేటు తిరిగి వచ్చి పదకొండున్నర, బ్యాటరీ నాది అన్నాడు. అత్త నడుము దగ్గర మూట విప్పింది.

ఆ రోజు అమ్మ కారును మా వాకిట్లోకి రానివ్వలేదు. అందుకని అది ఆ రాత్రి అత్త కొట్టంలో, అమ్మిన రెండు బర్రెల చోట, మిగిలిన రెండు బర్రెల పక్కన నిలబడింది. ఆదివారం పొద్దున అమ్మే వచ్చి చక్రాల కింద నిమ్మకాయలు పెట్టింది. సోమవారం ఎనిమిదికి ముందే నాయన గేటు దగ్గర ఉన్నాడు. మిగిలిన అయిదు వందలు రింగులకు పోయాయి. ఆ కారు తొమ్మిదేళ్ళు మాకు అన్నం పెట్టింది. శనివారం ఇనుము వల్ల ఎవరికీ ఏమీ కాలేదు.

నిరుడు నా కొడుకు కారు కొంటానని నన్ను ఉప్పల్‌లో ఒక షోరూముకు తీసుకెళ్ళాడు. తెల్ల చొక్కా పిల్లవాడు ఈ రేటు ఇవాళ రాత్రి వరకే అన్నాడు. అయితే రేపు వస్తాం అని లేచాను. కొడుకు తల పట్టుకున్నాడు. మర్నాడు వెళ్ళాం, రేటు అక్కడే ఉంది, పైగా సీటు కవర్లు కూడా ఇచ్చారు. ఎవరైనా నన్ను తొందరపెడితే నాకు కూర్చోబుద్ధి అవుతుంది. అది అత్త ఇచ్చింది.

కానీ నేను మోస్తున్నది అది కాదు. ఆ రోజు తర్వాత నాయన అత్తకు ఏ గుట్టూ చెప్పలేదు. తర్వాత కొన్న పొలం అమ్మకం, నా పెళ్ళి సంబంధం, అన్నీ ఆమెకు చివరికే తెలిసేవి. అందరిలో నవ్వుతూ అనేవాడు, మా అక్కకు చెప్తే ఊరికి చెప్పినట్టేనని. అత్త కూడా నవ్వేది. ఆమె ఉన్నన్నాళ్ళు ఒక్కసారి నేను నోరు తెరిచి, చెప్పింది నేను నాయనా అంటే అయిపోయేది. నేను అనలేదు. మొదట భయం, తర్వాత సిగ్గు, తర్వాత అనడానికి వాళ్ళు లేరు. చెప్పకూడని చోట గలగలా చెప్పిన నోరు చెప్పవలసిన చోట మూసుకుంది. ఇప్పుడు రాయడం వచ్చింది కనుక రాస్తున్నాను.

ఆ శుక్రవారం నాలుగు గంటలకు ఆ రేకుల కింద ఉన్నది నలుగురం. మా మేనత్త, ఆమెకు తెలుసు. సేటు, ఆయనకూ తెలుసు, ఆయన కూడా నన్ను పట్టి ఇవ్వలేదు. నేను. మా నాయన, ఆయన ఒక్కడికే తెలియదు.