నల్లమచ్చ లేని నొప్పి

మా ఇంట్లో ఒక కథ చెప్పుకుంటారు. మా తోడికోడలు సుశీల, తనకు ఆపరేషన్ చేసిన హైదరాబాద్ డాక్టరమ్మ దగ్గరికి నన్ను చెయ్యి పట్టుకొని తీసుకుపోయిందట. అందుకే నేను బాగుపడ్డానట. పెళ్ళిళ్ళలో, పేరంటాల్లో మా అత్తమ్మ ఈ కథ చెబుతుంటే సుశీల తల వంచుకొని వింటుంది. కాదని ఒక్కనాడూ అనదు. కనుక నేనే అంటున్నాను. సుశీల నన్ను తీసుకుపోలేదు, నేనే ఆమె వెంటపడి పోయాను. పోయింది కూడా కుళ్ళుతో.

మొదటినుంచి చెబుతాను. డెబ్భై ఆరులో హన్మకొండలోని ఒక ఆడపిల్లల బడిలో సైన్సు చెప్పేదాన్ని. ఒకరోజు బోర్డు మీద మందారం బొమ్మ వేస్తూ సగంలో ఆగిపోయాను. పొత్తికడుపులో మొదలై వెనక్కి, ఆసనం దాకా, ఎవరో సూదీదారంతో కుట్టి లాగినట్టయింది. నెలసరి రెండో రోజు. నెలసరి నొప్పి నాకు కొత్త కాదు, కానీ ఇది వేరు. కూర్చుంటే నొప్పి. దొడ్డికి పోతే కళ్ళు తిరిగేంత నొప్పి.

ఇక ప్రతినెలా అంతే. "ఒక్క కాన్పయితే అదే పోతది" అంది అత్తమ్మ. కాన్పయింది, బిడ్డ పుట్టింది. బిడ్డ పాలు మరిచేదాకా సుఖంగానే ఉన్నాను. ఆ తర్వాత నొప్పి రెట్టింపై వచ్చింది. "ఇంకో కాన్పయితే..." అని మళ్ళీ మొదలుపెట్టింది అత్తమ్మ. ఆ మందే వాడుతూ పోయుంటే ఈపాటికి మా ఇంట్లోనే ఒక బడి నడిచేది.

ఎనభై ఒకటిలో వరంగల్‌లోనే ఒక సర్జన్ అపెండిక్స్ అనుమానంతో కడుపు కోశారు. అపెండిక్స్ తీసేశారు. మూడోరోజు రౌండ్స్‌కు వచ్చి మా ఆయనతో (నాతో కాదు) అన్నారు: "పనిలో పనిగా లోపల కూడా చూసినం. యుటెరస్, ఓవరీస్ అంతా క్లీన్. ఆమెకు జర ధైర్యం చెప్పండి."

ఆ 'క్లీన్' నా మెడకు చుట్టుకుంది. తర్వాతి నెల నేను మంచమెక్కితే అత్తమ్మ గడపలో నిలబడి అడిగింది: "కడుపు కోసి చూస్తెనే ఏం లేదన్నరు గదా. లేనిది ఏడికెల్లి నొస్తాంది?" మా ఆయన పేపరు మడిచి దుకాణానికి పోయాడు. అదీ ఒక మాటే.

మూడేళ్ళకు సుశీలకు నొప్పి మొదలైంది. పది నెలలు, అంతే. మా మరిది ఆమెను హైదరాబాద్ తీసుకుపోయాడు. స్కానింగ్‌లో ఎడమ ఓవరీ మీద చాక్లెట్ సిస్ట్, అంటే పాతరక్తం నిండిన గడ్డ, కనబడింది. ఆపరేషన్ చేసి తీసేశారు. గర్భసంచి లోపలి పొర లాంటిది బయట మొలిచే జబ్బు, ఎండోమెట్రియోసిస్ అని కాగితం మీద రాసిచ్చారు. ఆ కాగితంతో ఆమె కొత్తవాడలో మా ఇంటి ముందు రిక్షా దిగిన రోజు చూడాల్సింది! ఇల్లంతా బత్తాయిలు, హార్లిక్స్ సీసాలు. అత్తమ్మ స్వయంగా ఆమె కాళ్ళు పిసుకుతూ, వచ్చినవాళ్ళందరికీ చెప్పింది: "నిమ్మకాయంత గడ్డ లోపల పెట్టుకొని ఎట్ల ఓర్చుకున్నదో, పాపం పిల్ల!" అదే నొప్పితో నేను వంటింట్లో నిలబడి వాళ్ళకు చాయ్ కాస్తున్నాను.

నాకు ఈర్ష్య బత్తాయిల మీద కాదు. ఆమె నొప్పికి ఒక పేరుంది, ఆ పేరు రాసిన కాగితముంది. నాకూ ఒక గడ్డ ఇయ్యి స్వామీ అని ఆ వారం నిజంగానే మొక్కుకున్నాను.

ఆమె చెకప్‌కు పోయే రోజు తోడొస్తానన్నాను. "ఎందుకక్కా, ఆయన వస్తాండు గద" అంది సుశీల. "రానియ్. బస్సుల జాగ లేదా?" అన్నాను.

డాక్టరమ్మ సుశీల వైపు చూసి, "నొప్పి ఎలా ఉంది?" అంది. సుశీల నోరు తెరిచేలోపే నేను అందుకున్నాను. రెండో రోజు రావడం, దొడ్డికి పోతే కళ్ళు తిరగడం, వెనక్కి లాగడం, అన్నీ చెప్పేశాను. డాక్టరమ్మ పెన్ను ఆపింది.

"ఆగండమ్మా. పేషెంట్ ఎవరు?"

"ఆమెది తీసేసిన్రు గద మేడమ్. ఇగ నాది చూడండి."

"అక్కా, ఇది నా నంబరు" అని గొణిగింది సుశీల. చెయ్యి పట్టుకొని తీసుకుపోవడమంటే ఇదీ.

నా స్కానింగ్‌లో ఏమీ కనబడలేదు. అయినా డాక్టరమ్మ నన్ను పంపేయలేదు. లాపరోస్కోపీ చేద్దామంది. బొడ్డు దగ్గర చిన్న గాటు పెట్టి, దుర్బీన్ లాంటిది లోపలికి పంపి చూడటం. ఇంట్లో యుద్ధం మొదలైంది. అప్పట్లో మా వైపు లాపరోస్కోపీ అంటే క్యాంపుల్లో చేసే కుటుంబ నియంత్రణ ఆపరేషనే.

"ఒక్క ఆడపిల్లకే ఆపరేషన్ చేపిచ్చుకుంటవా?" అని అత్తమ్మ నెత్తి కొట్టుకుంది.

"పిల్లలు పుట్టకుండ చేసేది కాదత్తమ్మా, ఉత్త చూసేది."

"ఒకపారి చూసిన్రు గద. మళ్ల ఏం లేదంటే?"

నాకూ అదే భయం. రెండోసారి కూడా 'క్లీన్' అంటే నా నొప్పి నిజమని నమ్మే మనిషి ఇక ఈ లోకంలో ఉండరు. చివరికి నేనే నమ్మనేమో. ఆ వాదన, ఆ భయం కలిసి రెండేళ్ళు తిన్నాయి.

ఆపరేషన్ ముందురోజు డాక్టరమ్మతో అన్నాను: "మా మామయ్యది జంపఖానాల వ్యాపారం మేడమ్. నేసినాయన తెచ్చిన జంపఖానాను నిలబడి చూడడు. గడప కాడ వెలుతురుకు ఏటవాలుగ పట్టి, ముఖం దగ్గరికి తెచ్చుకుంటడు. అటెన్క తిరగేస్తడు. తెల్ల పోగుల తెల్ల ముడి అట్లనే దొరుకుతది. మీరు గూడ అట్ల చూడండి."

పక్కనున్న నర్సు నవ్వింది. డాక్టరమ్మ నవ్వలేదు. "మేం చదువుకున్నప్పుడు నల్లమచ్చలే వెతకమన్నారు, తుపాకిమందు కాలినట్టుండేవి. ఇప్పుడు తెల్లవీ, ఎర్రవీ, నీటిబొట్టు లాంటివీ కూడా ఉంటాయని జర్నల్స్‌లో రాస్తున్నారు. దగ్గరగా చూస్తాను" అంది.

తెలివి వచ్చాక నేను అడిగిన మొదటి మాట, "ఉన్నయా?"

"ఉన్నాయి. నల్లమచ్చ ఒక్కటీ లేదు. మామూలుగా చూస్తే నాకూ ఏమీ కనబడలేదు. యుటెరస్‌ను ముందుకు ఎత్తి, స్కోప్‌ను బాగా దగ్గరికి తీసుకుపోతే వెనకవైపు కనబడ్డాయి. నీటి పొక్కుల్లాంటివి, కొన్ని తెల్లటి మచ్చలు. ఒక ముక్క బయాప్సీకి పంపాను, మిగతావి కాల్చేశాను."

వారానికి బయాప్సీ రిపోర్టు వచ్చింది. ఎండోమెట్రియోసిస్. ఆ కాగితాన్ని ఇంటికి తెచ్చి అత్తమ్మ ముందు పెట్టాను. ఆమెకు చదవడం రాదు. అయినా పెట్టాను. దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "చాయ్ తాగుతవా?" అంది. పదేళ్ళలో మొదటిసారి.

సుశీల మాత్రం ఊరుకోలేదు. "నీయి పొక్కులే గదక్కా. నాది నిమ్మకాయంత."

"పొక్కులే ఎక్కువ నొస్తయట. డాక్టరమ్మనే చెప్పింది."

డాక్టరమ్మ చెప్పింది, సైజుకూ నొప్పికీ లెక్క కుదరదని మాత్రమే. మిగతాది నేను కలిపాను.

ఆ తర్వాత ఆరు నెలలు డానజాల్ అనే హార్మోన్ మందు వాడాను. ఒళ్ళు వచ్చింది, గొంతు బొంగురుపోయింది, పెదవి మీద నూగు మీసం మొలిచింది. క్లాసులో వెనక బెంచీల నవ్వులు విన్నాను. సుశీలకు ఆ మందు అవసరమే పడలేదు, చర్మం నిగనిగలాడుతూనే ఉంది. అదీ నాకు మంటే. ఏడాదిన్నరకు నొప్పి కొంత తిరిగి వచ్చింది. ఇప్పుడు నెలలో ఒక్కరోజు మాత్రలు మింగి బడికి పోతాను. బోర్డు మీద బొమ్మ పూర్తి చేసే దిగుతాను.

మీకు చెప్పేది ఒక్కటే. 'అంతా క్లీన్' అన్న మాట తీసుకొని ఇంటికి రాకండి. ఎక్కడెక్కడ చూశారో, వెనకవైపు చూశారో లేదో, అనుమానమొచ్చిన చోట ముక్క తీశారో లేదో కాగితం మీద రాయించుకోండి. ఆపరేషన్‌కు ముందే అడగండి. తర్వాత అడిగితే ఎవరికీ గుర్తుండదు.

నాకు తెలుసు, ఎందుకంటే అడిగాను. మొదట కడుపు కోసిన సర్జన్ దగ్గరికి పోయిన ఏడాది బయాప్సీ కాగితం పట్టుకొని పోయాను. పెద్దవారైపోయారు. కాగితం చదివి కళ్ళజోడు తీసి, "అప్పుడు లేవమ్మా, తర్వాత వచ్చినయేమో" అన్నారు. తర్వాతే వస్తే, అంతకుముందు ఐదేళ్ళు నన్ను కుట్టి లాగిందేమిటి? అయ్యా, ఆ రోజు మీరు గర్భసంచిని ఎత్తి వెనకవైపు చూశారా, చూడలేదా?